ఆయన ఏమంటున్నారంటే

"తోట నాది. నెరిస్ కలుపు తీసిపెడుతుంది," అన్నాడు డెరెక్.

ఇంటి ముందు రాతి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్న అతిథులిద్దరూ నవ్వారు. ఇంగ్లండు నుంచి వచ్చిన దంపతులు వాళ్ళు. డెరెక్, అతని భార్య నెరిస్ తమ పాత పశువుల కొట్టాన్ని గదిగా మార్చి వేసవిలో అద్దెకిస్తుంటే, వారం రోజులకని దిగారు. అరుగుకి పదడుగుల అవతల చిక్కుడు వరసల మధ్య నడుం వంచి కాయలు కోస్తున్న నెరిస్‌కి ఆ మాట స్పష్టంగా వినిపించింది. తల ఎత్తలేదు. ఏటా వేసవిలో, వచ్చిన ప్రతి అతిథికీ, కాఫీ సగం తాగాక అతను చెప్పే మాటే అది.

"ఈ ఏడు టమాటా నారు కావాలనే ఆలస్యం చేశాను," డెరెక్ చెప్పుకుపోతున్నాడు. "మే నెలలో మళ్ళీ మంచు కురుస్తుందని నాకెందుకో అనిపించింది. ఊళ్ళో సగం మంది నారు మాడిపోయింది."

అనిపించింది పక్కింటి జెర్మేన్‌కి. ఎనభై రెండేళ్ళ ఆ మనిషి గోడవతల నుంచి ఆకాశం వంక చూసి, "ఆగు పిల్లా, ఇంకో పది రోజులాగు," అంది. ఆ సంగతి నెరిస్ రాత్రి భోజనం దగ్గర డెరెక్‌తో చెప్పింది. చెప్పినప్పుడు అతను పేపరు చదువుకుంటున్నాడు. ఊఁ అన్నాడు. పేపర్లోంచి ఎప్పుడు తల ఎత్తాడో, ఆ మాట ఎప్పుడు తన మాటగా చేసుకున్నాడో ఆమెకి తెలియదు.

"మీరూ వచ్చి కాసేపు కూర్చోండి," అని పిలిచింది అతిథుల్లో ఆవిడ. పేరు రోవెనా.

"కూర్చోబెడితే తను ఊరుకోదండీ. అదే తనకి వ్యాయామం," అన్నాడు డెరెక్. తర్వాత తోటవైపు తిరిగి, "నెరిస్, ఇంకో కప్పు కాఫీ దొరుకుతుందా?" అన్నాడు. కసిరి అనలేదు. అతను ఎప్పుడూ కసరడు. ఊళ్ళో ఎవర్నడిగినా మంచివాడనే చెబుతారు. నెరిస్ కూడా అలాగే చెబుతుంది. పుట్టినరోజుకి పూలు మరిచిపోడు. ఆమెకి జ్వరమొస్తే మూడుసార్లు వచ్చి నుదురు తాకి చూస్తాడు. నాలుగోసారి వచ్చి, నీలం చొక్కా ఎక్కడుందని అడుగుతాడు.

ఆమె చేతులు కడుక్కుని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. బుట్ట ఇంకా సగమే నిండింది. ఎల్లుండి ఆదివారం ఊరి పండగ. మైదానంలో గుడారం కింద రెండొందల మందికి భోజనం. చిక్కుళ్ళు నెరిస్ వంతు. నీళ్ళు మరిగేలోపు కిటికీలోంచి తోటని చూస్తూ, నాకు తోట కావాలని ఎప్పుడైనా అన్నానా, అని తనని తాను ప్రశ్నించుకుంది. అనలేదు. ఎంత వెనక్కి వెళ్ళి వెతికినా ఆ మాట ఎక్కడా తగల్లేదు.

తోట కావాలన్నది డెరెక్. పదకొండేళ్ళ కిందట స్నేహితుడితో కలిసి నాలుగు రోజులు ఫ్రాన్సు చూసొస్తానని వెళ్ళి, తిరిగొచ్చి వంటింటి బల్ల మీద ఒక తాళంచెవి పెట్టాడు. చెయ్యంత పొడుగుంది ఆ ఇనప తాళంచెవి. "సంతకం పెట్టేశాను. కళ్ళు మూసుకో, చెప్తాను," అన్నాడు. రాతి ఇల్లు, ఎకరం స్థలం, వెనక వాగు, పేరు మోంత్రెల్ అని ఒక పల్లెటూరు. అప్పటికి నెరిస్‌కి యాభై ఏళ్ళు. ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే విభాగంలో ఇరవై నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. మరుసటేడు ఆ విభాగానికి పెద్దగా ఆమెనే వేస్తారని అందరూ అనుకుంటున్నారు. ఆ సంగతి చెబితే, "అదృష్టవంతురాలివి, ఆ గొడవ తప్పించుకున్నావు," అన్నాడు డెరెక్. మనసారా అన్నాడు. అదే ఆమెని ఎక్కువ నోరెత్తనివ్వలేదు. కోపంతో అన్న మాటకైతే ఎదురు చెప్పొచ్చు. సంతోషంతో చేతులు చాచి నిలబడ్డ మనిషికి ఏం చెప్పాలి? ఆస్పత్రిలో వీడుకోలు రోజున కేకు కోస్తుంటే, ఇంత ధైర్యం మాకు లేదమ్మా అన్నారు తోటివాళ్ళు. తనకి ఉన్నది ధైర్యం కాదని ఆమె ఎవరికీ చెప్పలేదు.

వచ్చిన మొదటి వారమే పంపుపని వాడొచ్చాడు. డెరెక్ ఇంగ్లీషులో గట్టిగా, ఇంకా గట్టిగా చెప్పాడు. వాడు తల అడ్డంగా ఊపాడు. "నెరిస్, నువ్వు బళ్ళో ఫ్రెంచి చదివావు కదా, చెప్పు వాడికి," అన్నాడు. ముప్ఫై ఐదేళ్ళ కిందటి చదువులోంచి నాలుగు మాటలు ఏరుకుని చెప్పింది. అలా మొదలైంది. ఆ తర్వాత బ్యాంకులో చెప్పు, కరెంటాఫీసులో చెప్పు, చెప్పు డాక్టరుకి, నాకు రాత్రి నాలుగుసార్లు లేవాల్సొస్తోందని చెప్పు. ఆ డాక్టరు ఎదుట, భర్త మూత్రం గురించి, మలం గురించి, ఆమె ఒక్కో మాటా నిఘంటువులో వెతికి నేర్చుకుని అప్పచెప్పింది. తన మోకాలి నొప్పి సంగతి చెప్పుకునే సమయానికి అవతల ఇంకో రోగి వచ్చి కూర్చునేవాడు. డెరెక్ మాత్రం మూడు మాటల దగ్గరే ఆగిపోయాడు. నమస్కారం, కృతజ్ఞతలు, ఒక గ్లాసు బీరు. "నాకు భాషలు అబ్బవండీ. అందుకే ఈవిణ్ణి తెచ్చుకున్నాను," అని అతిథులతో అంటాడు. అతిథులు నవ్వుతారు.

"ఆయన ఏమంటున్నారంటే" అని మొదలుపెట్టేది నెరిస్ ప్రతిసారీ. రోజుకి ఎన్నిసార్లు అనేదో లెక్కలేదు. ఊళ్ళో కొంతమంది చాటుగా ఆ పేరే పెట్టి పిలుస్తారని తర్వాతెప్పుడో తెలిసింది. ఇంటికప్పు వేసినతనితో ఒకసారి డెరెక్‌కి మాటామాటా వచ్చింది. ఇదొక పనేనా, మా దేశంలో కుక్కల కొట్టానికి కూడా ఇలా వెయ్యరని అరిచాడు. "ఆయన ఏమంటున్నారంటే, ఆ మూల ఇంకొక్కసారి చూస్తే బాగుంటుందని," అంది నెరిస్. అతను నిచ్చెన దిగి వెళ్ళిపోతూ, "ఆయన ఏమన్నాడో నాకర్థమైంది, మదాం. మీరేం చెప్పారో కూడా అర్థమైంది. మీకు ఎక్కువ పనిపడుతోంది పాపం," అని వెళ్ళాడు. ఆ రోజు నెరిస్ స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. పదేళ్ళలో ఆమె పని గురించి మొదటిసారి మాట్లాడిన మనిషి ఆ కప్పుపనివాడు.

నిజానికి ఒక భాషని ఆమె అంతకుముందే పోగొట్టుకుంది. నెరిస్ పుట్టింది వేల్సు కొండల్లో. తల్లితో మాట్లాడేది వెల్షు. పెళ్ళైన కొత్తలో తల్లి ఫోన్ చేస్తే గంటసేపు కబుర్లు నడిచేవి. డెరెక్ ఆ చుట్టుపక్కలే తచ్చాడేవాడు. "నాకు అర్థంకాని భాషలో నా ఇంట్లో మాట్లాడుకోవడం మర్యాదా చెప్పు? నా గురించే అనుకుంటున్నారేమో అనిపిస్తుంది," అన్నాడొకరోజు, నవ్వుతూనే. ఆ తర్వాత ఫోన్ గంట నుంచి పావుగంటకి తగ్గింది. అతను లేనప్పుడు మాట్లాడేది. తర్వాత తల్లితోనే ఇంగ్లీషులో మాట్లాడటం అలవాటైంది. తల్లి పోయేముందు ఆస్పత్రి మంచం మీద ఇంగ్లీషంతా మరిచిపోయి వెల్షులో ఏదో అడిగింది. నెరిస్‌కి ప్రశ్న అర్థమైంది. జవాబు చెప్పడానికి మాట సమయానికి నోటికి రాలేదు. వెతుక్కుంటూండగానే తల్లి కళ్ళు మూసుకుంది. ఆ వెతుకులాట ఇప్పటికీ అప్పుడప్పుడు కలలో వస్తుంది.

తోటపని నేర్పింది జెర్మేన్. వచ్చిన ఏడాది డెరెక్ ఒక పార, ఒక గడ్డికోత యంత్రం, తోటపని మీద నాలుగు పుస్తకాలు కొన్నాడు. ముళ్ళపొదల్లో రెండు రోజులు తిరిగి నడుం పట్టేసిందన్నాడు. ఆ నడుం నొప్పి పదకొండేళ్ళయినా వదల్లేదు. పొదలు నరికింది నెరిస్. మొదట కోపంతో నరికింది, ఒక్కో కొమ్మా ఒక్కో మనిషన్నట్టు. గోడ మీంచి చూస్తున్న జెర్మేన్ మూడో రోజున తన కొడవలి అందించి, "అలా కాదు, కిందనుంచి, వేరు దగ్గర," అంది. తర్వాత దురదగొండి ఆకు నీళ్ళలో కుళ్ళబెట్టి మొక్కలకి పొయ్యడం చూపించింది. కుంకుడు గింజంత నత్తపిల్లల్ని పొద్దున్నే ఏరడం, గుమ్మడి పాదుకి గడ్డి పరవడం, పిడికిట మట్టి పిసికి ఇక విత్తొచ్చో లేదో చెప్పడం, అన్నీ చూపించింది. ఆ పనులకీ ఆ వస్తువులకీ పేర్లు నెరిస్‌కి జెర్మేన్ నోటిమీదుగానే వచ్చాయి. ఇప్పటికీ కొన్ని పురుగుల పేర్లు ఆమెకి ఇంగ్లీషులో తెలియవు. డెరెక్‌కి రాని భాషలో, డెరెక్ వంగని నేలలో, ఆమెకంటూ ఒక చోటు ఏర్పడింది. కోపంతో మొదలెట్టిన పని ఎప్పుడు ఇష్టమైందో ఆమెకి గుర్తులేదు. ఒక మార్చి ఉదయం బఠాణీ మొలకలు మట్టి పగలగొట్టుకుని బయటికొస్తుంటే మోకాళ్ళ మీద కూర్చుని ఎంతసేపు చూసిందో, లేచేసరికి స్కర్టు తడిసిపోయింది. ఆ రోజే అయ్యుండాలి.

శనివారం మధ్యాహ్నం జెర్మేన్ వాకిట్లో ఇద్దరూ కూర్చుని చిక్కుళ్ళ తొడిమెలు తుంచుతున్నారు. మధ్యలో పెద్ద జింకు తొట్టి. రేపు పండగలో ఊరి మంచి తోటకిచ్చే బహుమానం నెరిస్ వాళ్ళ తోటకేనని అప్పటికే అందరికీ తెలుసు.

"కాగితంలో ఎవరి పేరుంది?" అంది జెర్మేన్ తలెత్తకుండా.

"ఆయనదే."

"ఎవరు రాశారు?"

"నేనే," అంది నెరిస్. జూన్‌లో దరఖాస్తు కాగితం వంటింటి బల్ల మీద పెట్టుకుని నింపుతుంటే, "ఇల్లు నా పేరనుంది కదా, నా పేరే రాయి, లేకపోతే అయోమయపడతారు," అన్నాడు డెరెక్. ఆమె రాసింది. గుండ్రటి తన అక్షరాలతో, అతని పేరు, తప్పుల్లేకుండా.

జెర్మేన్ ఇంకో గుప్పెడు చిక్కుళ్ళు తీసుకుంది. అవి తుంచాక అంది. "నేను నలభై మూడేళ్ళు ఈ పొలంలో చేశాను పిల్లా. ఆవుల్ని పితికాను, గడ్డి కోశాను. పొద్దున ఈనుతున్న ఆవు నుంచి దూడని లాగి, సాయంత్రం నా పిల్లనే కన్నాను. జనాభా లెక్కల వాళ్ళొస్తే మా ఆయన గుమ్మంలో నిలబడి చెప్పేవాడు. నా పేరు, నా వయసు, వృత్తి దగ్గరకొచ్చేసరికి, ఏమీ లేదు అని. నేను లోపల వాళ్ళకే కాఫీ కలుపుతూ వినేదాన్ని. ఆయన పోయాక పింఛను కోసం వెళ్తే, పని చేసినట్టు కాగితముందా అన్నాడు అక్కడ కుర్రాడు. ఇవిగో అని చేతులు చూపించాను."

"ఏమన్నాడు?"

"చేతులు కాగితం కాదు మదాం అన్నాడు. మంచివాడే పాపం, బాధపడ్డాడు కూడా." జెర్మేన్ పుచ్చిన చిక్కుడుకాయ ఒకటి తీసి కోళ్ళకి విసిరింది. "నా పేరు నేనెక్కడా రాసుకోలేదు. నాకు రాయడానికి కాగితం ఇవ్వలేదు. నీకు ఇచ్చారు."

నెరిస్ వేళ్ళు పని చేస్తూనే ఉన్నాయి. చెవులు మాత్రం వేడెక్కాయి.

ఆదివారం పొద్దున ఆరుకే ఊరి హాలు వెనక వంటింట్లో ఆడవాళ్ళు చేరారు. బంగాళదుంపలు చెక్కడం, ఉల్లిపాయలు తరగడం, ప్లమ్ పళ్ళ రొట్టెలు పొయ్యిలోకి తోయడం. పండగ సంఘానికి పెద్ద ఫాబియెన్. వారమంతా పక్క ఊళ్ళో ఇళ్ళ రిజిస్ట్రేషన్లు రాసే నోటరీ దగ్గర గుమాస్తాగా పనిచేస్తుంది, ఆదివారం మాత్రం ఏప్రాను కట్టుకుని సేనాపతి అవుతుంది. "మగవాళ్ళు బల్లలు వెయ్యడం మొదలెట్టారా?" అని కేకేసింది. "మొదలెట్టారు, ఒక బల్ల వేశారు, దాని మీద సీసా పెట్టారు, చుట్టూ నిలబడ్డారు," అంది కిటికీ దగ్గరున్నావిడ. వంటిల్లంతా ఘొల్లుమంది. నెరిస్ కూడా నవ్వింది. ఈ నవ్వుకి తర్జుమా అక్కర్లేకపోవడం ఆమెకి ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఒకటిన్నరకి గుడారం కింద ఊరంతా కూర్చుంది. పంది తొడ మాంసం, మీగడ పోసిన బంగాళదుంపలు, వెల్లుల్లి వేసి మగ్గబెట్టిన నెరిస్ చిక్కుళ్ళు, బల్ల చివర్నించి చివరికి చేతులు మారుతున్నాయి. డెరెక్ గడ్డిటోపీ పెట్టుకుని, నార కోటు వేసుకుని, అతిథుల మధ్య కూర్చున్నాడు. నెరిస్ వంటింటికీ బల్లలకీ తిరుగుతూ, నిలబడే రెండు ముద్దలు తింది. మేయరు బురెల్ లేచి మైకు తట్టాడు. మస్యూ డెరెక్ పొలార్డ్ అని పిలిచాడు. చప్పట్లు మర్యాదగా మోగాయి. డెరెక్ వేదికెక్కి బహుమానంగా ఇచ్చిన తోట కత్తెరా ప్రశంసాపత్రమూ అందుకుని, మైకు పట్టుకుని, చుట్టూ చూసి, "నెరిస్! రా, నువ్వు లేకపోతే నేను మూగవాణ్ణి," అన్నాడు.

ఆమె ఏప్రాను విప్పబోయి, విప్పకుండానే ఎక్కింది. మైకు ఒకటే. అతనొక వాక్యం చెప్పి ఆమెకిస్తాడు. ఆమె చెప్పి తిరిగిస్తుంది.

"పదకొండేళ్ళ కిందట నేనీ ఊరొచ్చినప్పుడు ఆ స్థలమంతా ముళ్ళపొదలు," అన్నాడు డెరెక్.

నెరిస్ మైకు అందుకుంది. తెల్లవారుజాము నుంచి పొయ్యిల దగ్గర నిలబడి గొంతు ఎండిపోయింది. ఎప్పుడూ ముందుగా అనే 'ఆయన ఏమంటున్నారంటే' నాలుక చివరికొచ్చి అక్కడే అంటుకుపోయింది. మిగతా వాక్యం మాత్రం బయటికొచ్చింది. "పదకొండేళ్ళ కిందట నేనీ ఊరొచ్చినప్పుడు ఆ స్థలమంతా ముళ్ళపొదలు."

తన గొంతు గుడారం నాలుగు మూలల నుంచీ తనకే తిరిగి వినిపించింది. నేను. ఈ భాషలో ఇంతమంది ముందు ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. పొరపాటు దిద్దుకోవాలనుకుంది. దిద్దుకోవడానికి ఏముంది అందులో అబద్ధం, అనిపించింది.

"ఒక్కో పొదా ఈ చేతులతో నరికాను."

"ఒక్కో పొదా ఈ చేతులతో నరికాను," అంది నెరిస్. ముందు వరసలో ఫాబియెన్ గ్లాసు కింద పెట్టింది.

"రాళ్ళు ఏరాను, పేడ మోశాను, నడుం పోగొట్టుకున్నాను."

"రాళ్ళు ఏరాను, పేడ మోశాను, నడుం పోగొట్టుకున్నాను."

ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. ఇన్నేళ్ళలో ఇంత నికార్సుగా ఆమె ఎప్పుడూ తర్జుమా చెయ్యలేదు. "ఈ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను," అన్నాడు డెరెక్. ఫ్రెంచిలో సంతోషపడ్డ మగవాడికి ఒక మాట, ఆడదానికి ఇంకో మాట. నెరిస్ ఆడదాని మాటే అంది. నెమ్మదిగా, ఆఖరి అక్షరం దాకా పలికి అంది. గుడారంలో ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. పదకొండేళ్ళుగా ఆ గోడ పక్కనుంచి బడికీ, చర్చికీ, రొట్టెల దుకాణానికీ నడిచి వెళ్ళినవాళ్ళే అందరూ. ఆ మడుల్లో వంగి ఉన్నదెవరో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎక్కడో వెనక నుంచి ఒక జత చేతులు చప్పట్లు కొట్టాయి. తర్వాత ఊరంతా కొట్టింది. మొదట కొట్టిన మర్యాద చప్పట్లు కావివి. డెరెక్ పొంగిపోయి టోపీ తీసి వంగాడు.

"మా ఆవిడ కూడా కాస్త సాయం చేసింది లెండి," అన్నాడు కన్ను గీటి.

నెరిస్ మైకు తీసుకుంది. "ఆయన ఏమంటున్నారంటే," అంది, "వాళ్ళావిడ కూడా కాస్త సాయం చేసిందట."

"కాస్తేనా!" అంది జెర్మేన్, మైకు లేకుండానే అందరికీ వినబడేలా. గుడారం నవ్వింది. డెరెక్ కూడా నవ్వాడు, తన ఛలోక్తి పేలిందనుకుని. ఆ హుషారులో ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, మైకు దగ్గరగా లాక్కుని అన్నాడు. "ఇంకో శుభవార్త. నెరిస్‌కి కూడా ఇప్పుడే చెబుతున్నాను, చూడండి ఏడుస్తుంది. ఇల్లు అమ్మకానికి పెట్టాను. వసంతం కల్లా మేము పోర్చుగల్ వెళ్ళిపోతున్నాం. సముద్రం పక్కన మెట్లు లేని ఇల్లు, తోటపని లేని ఇల్లు! నెరిస్ కష్టం తీరిపోతుంది."

మైకు ఆమె చేతిలో పెట్టాడు.

ఆ గుడారంలో ఇంగ్లీషు తెలిసిన అతిథులిద్దరిలో రోవెనా నోరు కొద్దిగా తెరుచుకుని చూస్తోంది. మిగతా రెండొందల మొహాలు, మాంసం వాసనలో, మధ్యాహ్నపు ఎండలో, నెరిస్ చెప్పబోయే మాట కోసం మామూలుగా ఎదురుచూస్తున్నాయి. ఆమెకి ఏడుపు రాలేదు. ఇంతకాలం అతను ఏం చేసినా మంచి మనసుతో చేస్తున్నాడని సర్దుకుంది. ఇప్పుడూ మంచి మనసుతోనే చేశాడు. ఆమె కష్టం తీర్చాలనే. ఏది కష్టమో ఏది బతుకో ఒక్కసారి అడిగి చేసి ఉంటే బాగుండేది, కానీ అడగడం అతనికి తెలియదు. తెలియకపోవడం తప్పు కాదని ఇన్నాళ్ళూ తనే అతని తరఫున తర్జుమా చేసుకుంటూ వచ్చింది. కప్పుపనివాడితో అన్న తిట్టుకి తీపి పూసినట్టే, ముప్ఫై ఏడేళ్ళ కాపురంలో అతనన్న ప్రతి మాటకీ తీపి పూసి తనకి తనే చెప్పుకుంది. మళ్ళీ ఒక కొత్త ఊరు, మళ్ళీ పంపుపని వాడు, మళ్ళీ నిఘంటువు. అరవై ఒక్క ఏళ్ళకి ఇంకో భాష నేర్చుకుని, ఆ భాషలో మళ్ళీ మొదటినుంచి, ఆయన ఏమంటున్నారంటే. ఇప్పుడు తను చెప్పాల్సింది తన ఊళ్ళో, తన మనుషుల ముందు, తననే ఊరి నుంచి పంపేసే మాట. మేము. ఆ ఒక్క మాట చెబితే చాలు, నిజమైపోతుంది.

"ఆయన ఏమంటున్నారంటే," అంది నెరిస్. "ఇల్లు అమ్మకానికి పెట్టారట. వసంతానికల్లా ఆయన పోర్చుగల్ వెళ్ళిపోతున్నారు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేయరు బురెల్ పక్కనుంచి వంగి, "మరి మీరు, మదాం?" అన్నాడు, చిన్నగా.

మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "నేను ఇక్కడే ఉంటాను," అంది. ఆ మాట గుడారం నాలుగు మూలలకీ వెళ్ళింది.

వేదిక దిగి ఆమె తిన్నగా వంటింట్లోకి నడిచింది. చేతులు సబ్బునీళ్ళలో పెట్టి పళ్ళేలు తోమడం మొదలెట్టింది. ఫాబియెన్ వచ్చి పక్కన నిలబడి, కడిగిన పళ్ళెం అందుకుని తుడుస్తూ, రోజూ ఆఫీసులో చెప్పే గొంతుతో చెప్పింది. "చూడు, కాగితం మీద పేరు ఎవరిదైనా కానీ, భార్యాభర్తలు కాపురముంటున్న ఇల్లు ఇక్కడ రెండో మనిషి సంతకం లేకుండా అమ్మడానికి లేదు. ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు."

"సంతకం పెట్టకపోతే?"

"పెట్టకపోతే అంతే. కూర్చుని మాట్లాడుకోవాలి. అడగాలి నిన్ను."

నెరిస్ ఇంకో పళ్ళెం తీసింది. జెర్మేన్ మూలనున్న స్టూలు మీద కూర్చుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, ఆమెనే చూస్తోంది.

తలుపు తోసుకుని డెరెక్ వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. మొహం ఎర్రబడింది, కోపం కంటే అయోమయమే ఎక్కువ అందులో. "నెరిస్, రోవెనా ఏదో చెబుతోంది. ఆమెకి బళ్ళో నేర్చుకున్న ఫ్రెంచి వచ్చట. నేను వెళ్తున్నానని చెప్పావట నువ్వు? నేనొక్కణ్ణే అని? మేము అని కదా నేనన్నది! అంతసేపు అన్నీ సరిగ్గా చెప్పి, అక్కడ తప్పు చెప్పావేంటి?"

"తప్పు చెప్పింది నువ్వు, డెరెక్," అంది నెరిస్. "నేను సరిదిద్దాను."

అతను చుట్టూ చూశాడు. పదిమంది ఆడవాళ్ళు చేతుల్లో పళ్ళేలతో, గుడ్డలతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఎవరి పేరూ అతనికి సరిగ్గా తెలియదు. అంతలో జెర్మేన్ కర్ర ఊతంగా లేచి అతని ఎదుటికొచ్చి, తలెత్తి అతని కళ్ళలోకి చూస్తూ, "నువ్వు ఆమెని ఎప్పుడైనా అడిగావా?" అంది. చిన్న ప్రశ్న. ఆ ఊరి పసిపిల్లలకి కూడా వచ్చిన నాలుగు మాటలు.

డెరెక్ నెరిస్ వైపు తిరిగాడు. "ఏమంటోంది?" అన్నాడు.

నెరిస్ చేతులు తుడుచుకుంది. అతని వంక చూసింది. చెప్పలేదు.